పీ91 వెల్డింగ్ తెలిసినవాళ్లు అణు రియాక్టర్ ఉక్కు గురించి అదనంగా తెలుసుకోవాల్సింది

మీ ప్రశ్న క్లుప్తంగా: విజయవాడ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపులో క్వాలిటీ చూస్తున్నారు. ఇబ్రహీంపట్నం లాంటి థర్మల్ ప్లాంట్ల పనులవల్ల పీ91 (9 శాతం క్రోమియం ఉండి, అధిక వేడిని తట్టుకునే ఉక్కు) పైపులు చేతికి అలవాటే. ఇప్పుడు ఫాస్ట్ రియాక్టర్ (వేగం తగ్గించని న్యూట్రాన్లతో నడిచే అణు రియాక్టర్) పనులు రావచ్చని విన్నారు. "రేడియేషన్‌ను తట్టుకునే ఉక్కు అంటే ఏ గ్రేడు? 316 స్టెయిన్‌లెస్సా, మేం వాడే పీ91ఏనా, ఇంకేదైనానా? పనిలో ఏం మారుతుంది?" అని అడిగారు. గుంటూరులో ఎం.టెక్ మెటలర్జీ చేస్తున్న మీ తమ్ముడికి ఇందులో చేయగలిగిన ప్రాజెక్టు ఏదైనా ఉందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. అన్నిచోట్లా రేడియేషన్‌ను తట్టుకునే గ్రేడు అంటూ ఒకటి లేదు. మూడు సంగతులు తెలిస్తేనే ఉక్కు ఎంచుకోగలం: ఆ భాగం ఎంత వేడిలో ఉంటుంది, దాని జీవితకాలంలో ఎన్ని డీపీఏ (రేడియేషన్ దెబ్బను కొలిచే లెక్క, కింద వివరిస్తాను) పడుతుంది, లోపల ఎంత హీలియం పుడుతుంది. నీటి రియాక్టర్ ప్రెషర్ వెసెల్ దాదాపు 290 డిగ్రీల దగ్గర, 0.1 డీపీఏ లోపే చూస్తుంది. అక్కడ లో అల్లాయ్ స్టీల్ సరిపోతుంది, కాకపోతే అందులో రాగి చాలా తక్కువ ఉండాలి. ఫాస్ట్ రియాక్టర్ ఇంధన గొట్టం 400 నుంచి 700 డిగ్రీల మధ్య 80, 100 డీపీఏ దాకా చూస్తుంది. అక్కడ టైటానియం కలిపి, కోల్డ్ వర్క్ చేసిన (వేడిచేయకుండా సాగదీసి గట్టిపరచిన) 15 శాతం క్రోమియం 15 శాతం నికెల్ స్టెయిన్‌లెస్ వాడతారు. 100 డీపీఏ దాటించాలంటే 9 నుంచి 12 క్రోమియం ఫెర్రిటిక్ మార్టెన్సిటిక్ ఉక్కులు కావాలి. మీ పీ91 ఈ కుటుంబానిదే. 650 డిగ్రీలూ, 150 డీపీఏ రెండూ ఒకేచోట కావాలంటే ఓడీఎస్ ఉక్కు (సన్నటి ఆక్సైడ్ కణాలు అంతటా పరుచుకున్న ఉక్కు) వైపు చూడాలి, అది ఇంకా విరివిగా వాడుకలోకి రాలేదు. (డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాను.)

పనిలో ఏం మారుతుందంటే, గ్రేడు పేరు కన్నా హీట్ ట్రీట్‌మెంటూ, వందో వంతు శాతాల్లో ఉండే కలుషితాలూ ఎక్కువ ముఖ్యమవుతాయి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. కారణం తెలియకుండా స్పెసిఫికేషన్ చదివితే ప్రతి నిబంధనా అనవసరపు పట్టుదలలాగే కనిపిస్తుంది.

డీపీఏ అంటే ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు తన చోటు నుంచి తొలగింది అన్న లెక్క. ఇనుములో ఒక పరమాణువును స్థానం నుంచి శాశ్వతంగా కదపడానికి లెక్కల్లో 40 ఎలక్ట్రాన్ వోల్టులు తీసుకుంటారు. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ ఒకటి ఇనుప పరమాణువును గుద్దితే సగటున 30 వేలకు పైగా ఎలక్ట్రాన్ వోల్టులు దానికి అందుతాయి. ఆ పరమాణువు పక్కవాటిని, అవి తమ పక్కవాటిని గుద్దుకుంటూ పోయి, ఒక్క దెబ్బకు సుమారు రెండు వందల పరమాణువులు చోటు తప్పుతాయి. 100 డీపీఏ అంటే ఆ ముక్కలోని ప్రతి పరమాణువూ సగటున వంద సార్లు ఇల్లు మారినట్టు. అయినా ఉక్కు ఉక్కులాగే నిలబడుతుందంటే, తొలగినవాటిలో ఎక్కువ భాగం సెకనులో లక్ష కోట్లవ వంతులు కొన్ని గడిచేలోపే మళ్లీ ఏదో ఒక ఖాళీలో కుదురుకోవడం వల్లే.

సమస్యంతా కుదురుకోని మిగులుతోనే. ఖాళీ అయిన చోట్లు (వేకెన్సీలు) ఒకవైపు, ఇరుకుల్లో దూరిన అదనపు పరమాణువులు (ఇంటర్‌స్టిషియల్స్) ఇంకోవైపు లోహంలో తిరుగుతుంటాయి. ఇవి ఎక్కడో ఒకచోట ఇంకిపోవాలి. డిస్‌లొకేషన్లు (పరమాణు వరసలు తప్పిన గీతలు), గ్రెయిన్ (స్ఫటిక రేణువుల) సరిహద్దులు, లోహంలోంచే పుట్టే సన్నటి కణాల (ప్రెసిపిటేట్ల) అంచులు వీటిని పీల్చుకుంటాయి. కృష్ణా డెల్టాలో మురుగు కాలువలు దగ్గర దగ్గరగా ఉన్న పొలంలో నీరు నిలవనట్టే, ఈ పీల్చుకునే చోట్లు దగ్గర దగ్గరగా ఉన్న ఉక్కులో లోపాలు పోగుపడవు. రేడియేషన్‌ను తట్టుకునే ఉక్కు తయారీ అంటే ముఖ్యంగా ఇదే: పీల్చుకునే చోట్లను వీలైనన్ని పెట్టడం, అవి పనిచేసే వేడిలో ఏళ్ల తరబడి చెదిరిపోకుండా చూడటం. రెండోదే కష్టం.

స్టెయిన్‌లెస్ ఎందుకు ఉబ్బుతుంది

1967లో స్కాట్లాండ్‌లోని డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్ నుంచి తీసిన స్టెయిన్‌లెస్ ఇంధన గొట్టాల్లో కాథోర్న్, ఫుల్టన్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో సన్నటి గుల్లలు చూశారు. బయటికి ఏ పగులూ లేదు, లోపల మాత్రం లోహం గుల్లబారుతోంది. అప్పటిదాకా రియాక్టర్ డిజైన్లలో ఎవరూ లెక్కవేయని విషయం అది.

జరిగేది ఇది. డిస్‌లొకేషన్లు ఖాళీలకన్నా ఇంటర్‌స్టిషియల్స్‌ను కాస్త ఎక్కువగా లాగుతాయి. ఆ చిన్న తేడావల్ల ఖాళీలు మిగిలిపోయి, ఒకచోట చేరి గుల్లలవుతాయి. న్యూట్రాన్ చర్యల్లో పుట్టిన హీలియం వాటి మొదటి దశలో లోపల చేరి మూసుకుపోకుండా నిలబెడుతుంది. 400 డిగ్రీలలోపు ఖాళీలు మెల్లగా కదులుతాయి, 600 దాటితే గుల్లలోంచి మళ్లీ తప్పించుకుంటాయి. అందుకే ఉబ్బు ఈ రెండింటి మధ్యే ఎక్కువ. దురదృష్టం ఏమిటంటే సోడియంతో చల్లబరిచే ఫాస్ట్ రియాక్టర్ పనిచేసేది సరిగ్గా అక్కడే. కల్పాక్కంలోని పీఎఫ్‌బీఆర్ (మన ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్) కోర్‌లోకి సోడియం 397 డిగ్రీల దగ్గర వెళ్లి 547 దగ్గర బయటికి వస్తుంది.

304, 316 లాంటి ఆస్టెనిటిక్ (సాధారణ స్టెయిన్‌లెస్ రకం) ఉక్కుల్లో మొదట కొంతకాలం ఏమీ జరగదు. ఆ గడువు ముగిశాక డీపీఏకు దాదాపు 1 శాతం చొప్పున ఘనపరిమాణం పెరుగుతూ పోతుంది. ఘనపరిమాణంలో 6 శాతం ఉబ్బు అంటే పొడవులో 2 శాతం. ఇంధన గొట్టాల కట్టను చుట్టి ఉండే, 130 మిల్లీమీటర్ల వెడల్పున్న షట్కోణపు రాపర్ గొట్టానికి అది 2.6 మిల్లీమీటర్లు. పక్కపక్క అసెంబ్లీల (అలాంటి కట్టల) మధ్య వదిలే సందే కొద్ది మిల్లీమీటర్లు. అది చాలదన్నట్టు కోర్ మధ్యకు తిరిగి ఉన్న ముఖం ఎక్కువ, అవతలి ముఖం తక్కువ ఉబ్బుతాయి కాబట్టి గొట్టం విల్లులా వంగుతుంది. ఇంధనం మార్చే యంత్రం దాన్ని పైకి లాగలేకపోతే రియాక్టరే ఆగుతుంది. ఉబ్బు 10 శాతం ప్రాంతానికి వచ్చేసరికి ఉక్కు పెళుసుబారి, పట్టుకుంటే విరిగే స్థితికి వస్తుంది. ఫాస్ట్ రియాక్టర్‌లో ఇంధనాన్ని ఎంతకాలం మండించవచ్చో చాలాసార్లు తేల్చేది ఇంధనం కాదు, దాని చుట్టూ ఉన్న ఉక్కు.

316 మీద పని చేసి, ఉబ్బు ఇంకా ఆలస్యంగా మొదలయ్యేలా ఆ గడువును పెంచిందే డీ9, మొదట చెప్పిన 15 క్రోమియం 15 నికెల్ ఉక్కు. క్రోమియం 15, నికెల్ 15, మాలిబ్డినం 2 పైచిలుకు, కార్బన్‌కు 5 నుంచి 7.5 రెట్లు టైటానియం. దానికి 20 శాతం కోల్డ్ వర్క్. కోల్డ్ వర్క్ డిస్‌లొకేషన్ల వలను ఇస్తుంది. వాడకంలో పుట్టే సన్నటి టైటానియం కార్బైడ్ కణాలు ఆ వలను చెదరకుండా పట్టి ఉంచుతాయి, హీలియంను తమ అంచుల్లో చిన్న చిన్న బుడగలుగా విడదీసి దాచుతాయి. పీఎఫ్‌బీఆర్ ఇంధన గొట్టాలకు ఎంచుకున్నది ఇదే. కల్పాక్కంలోని ఐజీకార్ (ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం) దీనికి భాస్వరం, సిలికాన్‌లను కొలిచి పెంచి ఐఎఫ్‌ఏసీ-1 అనే తర్వాతి రకాన్ని రూపొందించింది.

ఇక్కడ తయారీలో చెడేవి చెప్పాలి, మీకు పనికొచ్చేది అదే. నత్రజని ఎక్కువైతే టైటానియం ముందే నైట్రైడ్ ముద్దలుగా వృథా అవుతుంది, కార్బైడ్‌కు మిగలదు. సర్టిఫికెట్‌లో మొత్తం టైటానియం సరిగ్గానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. సొల్యూషన్ అనీలింగ్ సరిగా జరగకపోతే పెద్ద కార్బైడ్లు కరగకుండా మిగులుతాయి. కోల్డ్ వర్క్ 20 నుంచి బాగా పైకి పోతే పైవేడి దగ్గర రీక్రిస్టలైజ్ అయ్యి, కష్టపడి పెట్టిన డిస్‌లొకేషన్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. 20 అనేది అలవాటుగా వచ్చిన అంకె కాదు. ఇంకొకటి: ఇది పూర్తి ఆస్టెనైట్. 308, 316 ఫిల్లర్లలో మీకు ధైర్యమిచ్చే ఆ కొద్దిపాటి డెల్టా ఫెర్రైట్ ఇందులో ఉండదు. పైగా భాస్వరం, సిలికాన్, టైటానియం ఉన్నాయి. కాబట్టి వెల్డ్‌లో హాట్ క్రాకింగ్ (గడ్డకట్టేటప్పుడే పగలడం) వెంటనే పట్టుకుంటుంది. హీట్ ఇన్‌పుట్ తక్కువ, ఆర్క్ ఆపే చోట క్రేటర్ నింపి నెమ్మదిగా తగ్గించడం, ఇందులో రాజీ లేదు.

నీటి రియాక్టర్ల లోపలి భాగాల్లో 304, 316 పడే బాధ వేరు. అక్కడ ఉబ్బు కన్నా ముందు గ్రెయిన్ సరిహద్దుల్లో క్రోమియం తగ్గి నికెల్, సిలికాన్ పోగవుతాయి. ఒత్తిడి, నీరు కలిసి ఆ సరిహద్దుల వెంట పగుళ్లు తెస్తాయి. మీ పనికి ఇది దూరం కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

మరి పీ91 కుటుంబం?

ఫెర్రిటిక్ మార్టెన్సిటిక్ ఉక్కులు ఉబ్బే వేగం, గడువు దాటాక కూడా ఆస్టెనిటిక్ వేగంలో దాదాపు అయిదో వంతే. టెంపర్ చేసిన మార్టెన్సైట్‌లో లాత్ (సన్నటి పట్టీల్లాంటి స్ఫటికాల) సరిహద్దులు, డిస్‌లొకేషన్లు, ఎం23సీ6 కార్బైడ్లు, వనేడియం నియోబియం కార్బోనైట్రైడ్లు సహజంగానే కిక్కిరిసి ఉంటాయి. అమెరికాలోని ఎఫ్‌ఎఫ్‌టీఎఫ్ రియాక్టర్‌లో హెచ్‌టీ9 అనే 12 క్రోమియం ఉక్కు 150 డీపీఏ పైన చూసి కూడా ఉబ్బు 1 శాతం లోపే ఉంచింది. రష్యా బీఎన్-600లో ఇంధన గొట్టం ఆస్టెనిటిక్, రాపర్ మాత్రం ఈపీ-450 అనే ఫెర్రిటిక్ మార్టెన్సిటిక్. ఆ విభజన నాకు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. రాపర్ అంత వేడెక్కదు, కొలతలు నిలవడమే దానికి ముఖ్యం. ఇంధన గొట్టానికి క్రీప్ బలం (వేడిలో, ఒత్తిడి కింద మెల్లగా సాగిపోకుండా నిలిచే బలం) ముఖ్యం.

ఎందుకంటే ఈ కుటుంబానికి రెండు పక్కలా గోడలున్నాయి. పైన 550 డిగ్రీలు దాటితే క్రీప్ బలం వేగంగా పడిపోతుంది. కింద 350, 400 డిగ్రీల లోపు రేడియేషన్ పడితే ఉక్కు గట్టిపడి, పెళుసుగా విరిగే ఉష్ణోగ్రత (డీబీటీటీ) పైకి జరుగుతుంది. మొదట గది వేడి కన్నా బాగా కింద ఉన్న డీబీటీటీ గది వేడి కన్నా పైకి పోగలదు. రియాక్టర్ నడుస్తున్నంతసేపు ప్రమాదం లేదు. చల్లార్చి అసెంబ్లీని క్రేన్‌తో ఎత్తేటప్పుడు దెబ్బ తగిలితే ప్రమాదం. డిజైన్ లెక్కల్లో హ్యాండ్లింగ్ దశను విడిగా చూసేది అందుకే.

ఒక అపోహ ఇక్కడే తీర్చాలి. పీఎఫ్‌బీఆర్‌లోని 8 స్టీమ్ జనరేటర్లు గ్రేడ్ 91తో చేసినవి. "అదిగో, రేడియేషన్‌కు 91 వాడారు" అని చాలామంది అనుకుంటారు. కాదు. స్టీమ్ జనరేటర్‌కు వచ్చేది సెకండరీ సోడియం, అక్కడ ఉక్కును పాడుచేసేంత న్యూట్రాన్లు ఉండవు. 91ను ఎంచుకున్నది ఆస్టెనిటిక్‌లా స్ట్రెస్ కొరోజన్ బెడద లేకపోవడం, వేడిని బాగా ప్రసరింపజేయడం, వ్యాకోచం తక్కువ ఉండటం, 500 పైన క్రీప్ బలం ఉండటం వల్ల. మీ షాపుకు వచ్చే పని ఇలాంటి భాగాలదైతే అడిగేది రేడియేషన్ నిరోధం కాదు, లీకు లేని వెల్డ్. ఆ గొట్టానికి ఒకవైపు సోడియం, మరోవైపు అధిక పీడన ఆవిరి. సూది మొనంత రంధ్రం చాలు. అందులోంచి దూకే ఆవిరి సోడియంతో కలిసి పక్క గొట్టాన్ని కూడా కోసేస్తుంది.

మీకు తెలిసిన పీ91 పనిలో ఏం బిగించాలి

నార్మలైజింగ్ 1040 నుంచి 1080, టెంపరింగ్ 730 నుంచి 800 వరకు అని కోడ్ చెబుతుంది. థర్మల్ పనిలో ఆ పరిధిలో ఎక్కడున్నా పాస్. రేడియేషన్ పడే భాగానికి అంత వెడల్పు పరిధి పనికిరాదు. టెంపరింగ్ పై అంచుకు పోతే డిస్‌లొకేషన్లు తగ్గి లాత్‌లు వెడల్పవుతాయి. కింది అంచుకు పోతే మొదటే గట్టిగా ఉండి, రేడియేషన్ తెచ్చే గట్టితనం దానిపైన చేరుతుంది. అందుకే కొనుగోలుదారు 750 నుంచి 770 లాంటి ఇరుకు పరిధి అడిగితే అభ్యంతరం చెప్పకండి.

వెల్డింగ్‌లో ప్రీహీట్ కనీసం 200, ఇంటర్‌పాస్ 300 మించకుండా. వెల్డ్ అయ్యాక 100 లోపుకు చల్లారనిచ్చి, మార్టెన్సైట్‌గా మారడం పూర్తయ్యాకే పీడబ్ల్యూహెచ్‌టీ (వెల్డ్ తర్వాతి హీట్ ట్రీట్‌మెంట్). ఈ అంచెను తొందరలో దాటేస్తే మిగిలిపోయిన ఆస్టెనైట్ పీడబ్ల్యూహెచ్‌టీ తర్వాత తాజా మార్టెన్సైట్ అయ్యి, టెంపర్ కాకుండా ఉండిపోతుంది. హార్డ్‌నెస్ అక్కడక్కడ 300 పైన కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. కిందికి 190 బ్రినెల్ లోపు వస్తే రెండు దారులు: టెంపరింగ్ అతిగా జరిగిందా, లేక ఏసీ1 (వేడిచేసేటప్పుడు ఆస్టెనైట్ పుట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత) దాటిందా. ఫిల్లర్‌లో నికెల్, మాంగనీస్ కలిపి 1.2 శాతం మించితే ఏసీ1 కిందికి జారుతుంది. 775 దగ్గర పెట్టిన పీడబ్ల్యూహెచ్‌టీలో కాయిల్ కింద ఒకచోట 795 అయినా వెల్డ్ మెటల్ పాక్షికంగా ఆస్టెనైట్‌లోకి పోతుంది. థర్మోకపుల్ వెల్డ్ మీద ఒక్కటే పెట్టి వదిలేయడం ఈ తప్పుకు ప్రధాన కారణం. అడ్డంగా ఉన్న పైపుకు పై భాగంలో, కింది భాగంలో విడివిడిగా పెట్టండి, రెండింటికీ తేడా తప్పకుండా ఉంటుంది.

మన ఊళ్ల సంగతి రెండు మాటలు. వానాకాలంలో కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎలక్ట్రోడ్లను తయారీదారు చెప్పిన వేడికి, సాధారణంగా 350 డిగ్రీల ప్రాంతంలో, బేక్ చేసి 120 పైన క్వివర్‌లో (వేడి డబ్బాలో) ఉంచి, ఒక్కొక్కటే తీయాలి. పీడబ్ల్యూహెచ్‌టీ మధ్యలో కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటర్ లేకుండా ఈ పని ఒప్పుకోకండి. చార్ట్ మధ్యలో తెగిన జాయింటును న్యూక్లియర్ ఇన్‌స్పెక్టర్ దగ్గర సమర్థించుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు మీకు కొత్తగా వచ్చేది: కలుషితాలు.

మొదటిది కోబాల్ట్. బలానికి దానివల్ల నష్టం లేదు. కానీ న్యూట్రాన్ తగిలితే కోబాల్ట్-60 అవుతుంది. దాని అర్ధాయుష్షు 5.27 ఏళ్లు, గామా కిరణాలు తీవ్రం. మెయింటెనెన్స్ మనుషులకు తగిలే మోతాదులో పెద్ద వాటా దానిదే. అందుకే కోబాల్ట్‌కు పైహద్దు పెడతారు. నికెల్ వెంట కోబాల్ట్ వస్తుంది కాబట్టి స్టెయిన్‌లెస్‌లో ఆ హద్దు పాటించడం ఖరీదు.

రెండోది రాగి. ప్రెషర్ వెసెల్ ఉక్కులకు ఇది ప్రాణాంతకం. 290 డిగ్రీల దగ్గర ఇనుములో రాగి దాదాపు కరగదు, కానీ కదిలే వేగం లేక అలాగే చెల్లాచెదురుగా ఉండిపోతుంది. రేడియేషన్ పుట్టించే ఖాళీలు దానికి కాళ్లు ఇస్తాయి. ఒకటి రెండు నానోమీటర్ల గుంపులుగా చేరి ఉక్కును గట్టిపరిచి డీబీటీటీని పైకి నెడతాయి. 1960లు, 70ల తొలినాళ్లలో అమెరికాలో చేసిన కొన్ని వెసెళ్ల వెల్డుల్లో రాగి 0.3 శాతం దాకా ఉంది. అది ఉక్కులోంచి రాలేదు. తుప్పు పట్టకుండా ఫిల్లర్ వైరుకు వేసిన రాగి పూతలోంచి వచ్చింది. మీ స్టోర్‌లో ఇప్పుడు ఉన్న రాగి పూత వైరును ఈ పని దగ్గరికే రానివ్వకండి. వేరే బీరువా, వేరే తాళం, వేరే రిజిస్టరు పెట్టండి. రాగి తగ్గించాక కూడా నికెల్, మాంగనీస్, సిలికాన్ కలిసి ఎక్కువ మోతాదు దగ్గర అలాంటి గుంపులే కడతాయి, కాబట్టి నికెల్‌కు కూడా పైహద్దు ఉంటుంది. రష్యా రూపకల్పన చేసిన పాత వీవీఈఆర్-440 (నీటి రియాక్టర్) వెసెళ్లకు వెల్డు చుట్టూ 475 డిగ్రీల ప్రాంతంలో రోజుల తరబడి వేడిచేసి ఆ పెళుసుదనాన్ని చాలావరకు వెనక్కి తెచ్చారు. (మన దేశంలో ఎక్కువగా ఉన్న హెవీ వాటర్ రియాక్టర్లలో ఇంత పెద్ద ఉక్కు వెసెల్ ఉండదు. పీడనాన్ని మోసేవి జిర్కోనియం గొట్టాలు. ఈ సమస్య కూడంకుళం, తారాపూర్ మొదటి రెండు యూనిట్ల రకాలకు వర్తిస్తుంది.)

మూడోది భాస్వరం, ఆర్సెనిక్, టిన్, ఆంటిమొనీ. గ్రెయిన్ సరిహద్దులను బలహీనపరుస్తాయి. ఐఎఫ్‌ఏసీ-1లో కావాలని పెంచే భాస్వరమే ఇక్కడ శత్రువు. ఒకే మూలకం ఒక ఉక్కులో మందు, ఇంకో ఉక్కులో విషం. "అణు గ్రేడు" అన్న ముద్ర చూసి ఒకదాని ఫిల్లర్‌ను ఇంకోదానికి వాడకూడదనేది ఇందుకే.

ఫ్యూజన్‌కు వేరే లెక్క

ఫ్యూజన్‌లో న్యూట్రాన్ శక్తి 14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. డీపీఏకు సుమారు 10 పీపీఎం హీలియం పుడుతుంది. ఫిషన్ ఫాస్ట్ రియాక్టర్‌లో అది 1 పీపీఎం కూడా ఉండదు. హీలియం బయటికి పోలేక గ్రెయిన్ సరిహద్దుల్లో బుడగలు కడుతుంది. పైగా రియాక్టర్ ఆయువు తీరాక ఆ ఉక్కులోని రేడియోధార్మికత వందేళ్లలో బాగా తగ్గిపోవాలన్నది లక్ష్యం. పీ91లోని నియోబియం నుంచి పుట్టే నియోబియం-94 అర్ధాయుష్షు 20 వేల ఏళ్లు, మాలిబ్డినం నుంచి కూడా దీర్ఘాయుష్షు ఐసోటోపులు వస్తాయి. అందుకని మాలిబ్డినం బదులు టంగ్‌స్టన్, నియోబియం బదులు టాంటలం పెట్టి ఆర్‌ఏఎఫ్‌ఎం (రేడియోధార్మికత తక్కువ మిగిల్చే ఫెర్రిటిక్ మార్టెన్సిటిక్) ఉక్కులు చేశారు: యూరప్‌లో యూరోఫర్97, జపాన్‌లో ఎఫ్82హెచ్, చైనాలో క్లామ్, మన దగ్గర ఇండియన్ ఆర్‌ఏఎఫ్‌ఎం. మనదాన్ని కరిగించింది హైదరాబాద్‌లోని మిధాని (మిశ్ర ధాతు నిగమ్).

యూరోఫర్‌లో నియోబియం, మాలిబ్డినం ఒక్కొక్కటి 0.005 శాతం లోపు, నికెల్, రాగి 0.01 లోపు ఉండాలి. దీనికి తుక్కు వేసి కరిగించే పద్ధతి కుదరదు. శుద్ధమైన ముడిసరుకుతో వాక్యూమ్‌లో కరిగించాలి. అంతకుముందు హీట్‌లో (కరిగించిన విడతలో) నియోబియం ఉన్న ఉక్కు పోసిన ఫర్నేస్‌ను కడిగే హీట్ ఒకటి పోయకుండా వాడితే గోడలకు అంటినదే హద్దు దాటించగలదు. హీట్ ట్రీట్‌మెంట్ కూడా వేరు: 980 డిగ్రీలు అరగంట, 760 డిగ్రీలు గంటన్నర. 1040 పైకి పోవడం అలవాటైన షాపులు ఇక్కడ గ్రెయిన్ పెంచేస్తాయి.

ఓడీఎస్

550 అనే పై గోడను దాటించే ప్రయత్నం ఇది. 9 క్రోమియం 2 టంగ్‌స్టన్ 0.2 టైటానియం ఉన్న అటమైజ్డ్ పొడిలో 0.35 శాతం ఇట్రియం ఆక్సైడ్ కలిపి, ఆర్గాన్‌లో గుండ్లతో గంటల తరబడి దంచుతారు. ఇట్రియం ఆక్సైడ్ విడిపోయి ఇనుములో కలిసిపోతుంది. తర్వాత డబ్బాలో మూసి, గాలి లాగేసి, 1050 నుంచి 1150 మధ్య ఎక్స్‌ట్రూడ్ చేస్తే ఇట్రియం, టైటానియం, ఆక్సిజన్ కలిసి 2 నుంచి 5 నానోమీటర్ల కణాలుగా మళ్లీ పుడతాయి. ఇవి 1000 డిగ్రీల దగ్గర కూడా సులువుగా పెరగవు. పీల్చుకునే చోట్లు చెదరకూడదని మొదట చెప్పానే, దానికి ఇప్పటిదాకా దొరికిన మంచి జవాబు ఇదేనని నా నమ్మకం. మన దేశంలో ఐజీకార్‌తో పాటు హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ (లోహపు పొడుల పరిశోధన సంస్థ), ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధన సంస్థ) కలిసి దీని గొట్టాలు చేశాయి.

ఇబ్బందులు చాలా ఉన్నాయి. దంచేటప్పుడు ఆక్సిజన్ ఎక్కువ పీల్చుకుంటే కణాలు ముతకబడతాయి. ఎక్స్‌ట్రూజన్ దిశలో గ్రెయిన్లు సాగిపోయి, గొట్టం చుట్టుకొలత దిశలో బలహీనంగా ఉంటుంది. ఇంధన గొట్టం మీద లోపలి వాయువు తోసేది ఆ దిశలోనే. 9 క్రోమియంలో ఆస్టెనైట్‌లోకి తీసుకెళ్లి తిప్పితే గ్రెయిన్ సమం అవుతుంది. 14, 18 క్రోమియంలో ఆ మార్పే లేదు కాబట్టి రీక్రిస్టలైజేషన్ మీదే ఆధారపడాలి. పైగా క్రోమియం ఎక్కువైన కొద్దీ 475 డిగ్రీల పెళుసుదనం వెంటాడుతుంది. మీలాంటివాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది: దీన్ని టిగ్ వెల్డింగ్‌తో కరిగించి అతికించకూడదు. కరిగిన క్షణంలో ఆక్సైడ్ కణాలు గుంపుకట్టి పైకి తేలిపోతాయి, మిగిలేది మామూలు 9 క్రోమియం ఉక్కు. కరగకుండా అతికే ప్రెషరైజ్డ్ రెసిస్టెన్స్ వెల్డింగ్, ఫ్రిక్షన్ స్టిర్ లాంటివే దారి.

కూలెంట్ మారితే ఎంపిక కూడా మారుతుందని మర్చిపోవద్దు. సీసం, సీసం బిస్మత్ రియాక్టర్లలో 91 రకం ఉక్కు పెళుసుగా తెగే ప్రమాదముంది, తుప్పు కూడా ఎక్కువ. రష్యా అక్కడ సిలికాన్ పెంచిన ఈపీ823 వైపు వెళ్లింది.

మీ తమ్ముడి ప్రాజెక్టు

రియాక్టర్ దొరకదు, అవసరం కూడా లేదు. గ్రేడ్ 91 ప్లేటును 1050 దగ్గర నార్మలైజ్ చేసి 720, 750, 770, 790 దగ్గర టెంపర్ చేసి, ఒక్కోదానికి హార్డ్‌నెస్, చార్పీ, ఎక్స్‌రే గీతల వెడల్పుతో డిస్‌లొకేషన్ సాంద్రత కొలవమనండి. ఆ సాంద్రత నుంచి లోపాలను పీల్చుకునే సామర్థ్యం లెక్కకడితే ఎం.టెక్‌కు నిండైన పని అవుతుంది, వెల్డు ముక్కలు మీరే ఇవ్వగలరు. తరవాతి మెట్టుగా వాటినే 600 డిగ్రీల దగ్గర వెయ్యి గంటలు ఉంచి మళ్లీ కొలవవచ్చు.

అయాన్ ఇర్రేడియేషన్ (న్యూట్రాన్ల బదులు అయాన్ బీమ్‌తో దెబ్బ వేయడం) చేయాలనుకుంటే ఢిల్లీలోని ఐయూఏసీకి (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్) కాలేజీ గైడ్ ద్వారా బీమ్ టైమ్ ప్రతిపాదన పెట్టాలి. ఇందులో తప్పులు జరిగే చోట్లు చెప్పేస్తాను. అయాన్ దెబ్బ ఉపరితలం నుంచి ఒకటి రెండు మైక్రాన్ల లోతు వరకే. రియాక్టర్‌లో ఏళ్లు పట్టే డీపీఏ ఇక్కడ గంటల్లో పడుతుంది కాబట్టి అదే ఫలితం రావాలంటే ఉష్ణోగ్రత పైకి జరపాలి. రియాక్టర్ ఉష్ణోగ్రతే పెట్టి "ఉబ్బు లేదు" అని రాస్తే అది తప్పు. ఎస్‌ఆర్‌ఐఎం అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇనుముకు 40 ఎలక్ట్రాన్ వోల్టులు, క్విక్ పద్ధతి పెట్టి లెక్కకట్టాలి, ఏది పెట్టారో రాయాలి. బీమ్‌ను అటూ ఇటూ తిప్పే పద్ధతి గుల్లల్ని తగ్గించి చూపిస్తుంది, వీలైతే నిలకడైన వెడల్పు బీమ్ అడగాలి. ఎమెరీ పాలిష్ వదిలిన గట్టిపడిన పొరను ఎలక్ట్రోపాలిష్‌తో తీసేయాలి, లేకపోతే నానోఇండెంటేషన్‌లో కనిపించే గట్టితనం ఇసుక కాగితానిది అవుతుంది. ఇండెంట్ ప్రభావం దాని లోతుకు 5 నుంచి 10 రెట్ల వరకు పాకుతుంది కాబట్టి 100, 200 నానోమీటర్ల లోతు అంకెలనే నమ్మాలి. పోల్చడానికి వేరే ముక్క తీసుకోవద్దు. అదే ముక్కలో సగం మీద మాస్క్ కప్పి బీమ్ తగలకుండా ఉంచితే, రెండు సగాలూ ఒకే వేడిని ఒకే సమయం చూస్తాయి. తేడా వస్తే అది అయాన్ల వల్లే అని ధైర్యంగా రాయవచ్చు.